కాలువ గట్టు బంగళా, ముప్పై తొమ్మిది మంది పిల్లలు, ఒక ఇత్తడి చెంబు

పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామంటే నిడదవోలులోని మా స్కూల్లో రెండేళ్ళుగా ఎవరూ నోరు మెదపడం లేదు. కారణం నేనే. రెండేళ్ళ కిందట రాజమండ్రి వెళ్ళి తిరిగి వస్తూ, దారిలో టిఫిన్లకి ఆగిన హోటల్లో ఒక పిల్లాడిని వదిలేసి వచ్చేశాం. లెక్కపెట్టింది నేను. కవలలిద్దరిలో ఒకణ్ణే రెండుసార్లు లెక్కపెట్టాను. వెనక్కి వెళ్ళేసరికి రెండోవాడు కౌంటరు పక్కన కూర్చుని శుభ్రంగా పూరీ తింటున్నాడు. వాడికేం కాలేదు గానీ, వాళ్ళమ్మ స్కూలు గేటు దగ్గర నన్ను నిలబెట్టి "మీ సొంత పిల్లలైతే ఇలాగే మర్చిపోతారా అండీ?" అని అడిగిన మాట నాకు ఇప్పటికీ అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది. అలాంటిదాన్ని ఈ డిసెంబరులో మళ్ళీ ఎందుకు బయల్దేరానంటే, ఎనిమిదో తరగతి పిల్లలు కాలువల పాఠం బట్టీ కొడుతుంటే వినలేక. కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ స్కూలుకి వచ్చే పిల్లలు "కాలువల వలన ఉపయోగములు, ఒకటి, రెండు, మూడు" అని కళ్ళు మూసుకుని అప్పజెబుతుంటే ఒళ్ళు మండదూ! ఆ కాలువల మీద ధాన్యం పడవలు నడిపిన కుటుంబం ఇల్లు ఒకటి నదికి అవతల ఇంకా నిలబడి ఉందనీ, దాన్ని మ్యూజియంగా చేశారనీ తెలిసి, హెచ్చెమ్ గారి గదిలోకి వెళ్ళి అడిగేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వెళ్ళండమ్మా, నేను వద్దనను. కానీ ఏం జరిగినా కాగితం మీద మీ సంతకమే ఉంటుంది," అన్నారు. పెట్టేశాను.

ఆ ఇంటి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకన్నది చదివితే మీకే తెలుస్తుంది. బ్యారేజీ దాటి ధవళేశ్వరం వైపు దిగాక కాలువ గట్టు పట్టుకుని వెళ్తే వచ్చే పాత బంగళాల్లో అదొకటి; నిజంగా వెళ్ళదలచుకున్న టీచర్లు కామెంట్లో అడిగితే విడిగా చెబుతాను. సోమవారం సెలవు, మిగతా రోజులు పదింటి నుంచి అయిదింటి దాకా. పెద్దలకి ఇరవై రూపాయలు, స్కూలు పిల్లలకి అయిదు. వారం ముందు స్కూలు లెటర్‌హెడ్ మీద ఉత్తరం పంపాలి. భోజనం కావాలంటే అదీ ముందే చెప్పాలి. బంగళా చూసుకునే నూకరాజు గారి భార్య సత్యవతి గారు పెరట్లో వండి పెడతారు, ప్లేటు డెబ్బై. అన్నం, పప్పు, ఒక కూర, రసం, మజ్జిగ. ఆవిడ వంకాయ కూర కోసమైనా వెళ్ళొచ్చని నా అభిప్రాయం. బస్సు అద్దె ఆరున్నర వేలు, డీజిలు వాళ్ళదే. తలకి రెండొందల యాభై వేసుకుంటే మాకు సరిపోయింది.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం క్లాసులో చిన్న ఉపన్యాసం ఇచ్చాను. నాకు ఉపన్యాసాల పిచ్చి ఉందని మా పిల్లలే చెబుతారు. "మ్యూజియం అనుకుంటే మీరు పరుగులు పెడతారు. అది మ్యూజియం కాదర్రా, ఇల్లు. చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్ళాలి. అరవకూడదు, పరిగెత్తకూడదు, ఊరికే కూర్చుని పెట్టింది తిని రాకూడదు. మన పిల్లలు పద్ధతి గలవాళ్ళని ఆ ఇంటివాళ్ళు అనుకోవాలి," అన్నాను. ముప్పై తొమ్మిది మందీ తలూపారు. ఆ మాటని ఒక పిల్ల అక్షరాలా తీసుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఎన్ని మాటలు చెప్పినా చెవికెక్కించుకోని తరగతి అది.

ఈసారి లెక్క నా మీద పెట్టుకోలేదు. నాతో వచ్చిన లెక్కల మాస్టారు సుబ్బరాజు గారు ఒక పద్ధతి పెట్టారు: ఒక్కొక్కరికీ ఒక నెంబరు, మాస్టారు ఈల వేయగానే ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా పిల్లలే వరుసగా పలకాలి. ఎక్కడ మాట ఆగితే అక్కడ పిల్ల లేనట్టు. బస్సెక్కాక ఒకసారి, విజ్జేశ్వరంలో ఒకసారి, దిగాక ఒకసారి. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఇదేంటండీ మేడం గారూ, జైలుకి తీసుకెళ్తున్నట్టు!" అన్నాడు. "నువ్వు రోడ్డు చూడు నాయనా," అన్నాను. ఉదయం ఎనిమిదింటికి నిడదవోలులో బయల్దేరి, విజ్జేశ్వరం మీదుగా బ్యారేజీ ఎక్కేసరికి ఎనిమిదీ నలభై. మంచు ఇంకా విడలేదు, నీళ్ళ మీద ఒక్క పడవ. పిల్లలు ఆపమని గోల. "బ్యారేజీ మీద ఆపడం కుదరదండి, ముందే చెబుతున్నా. పోలీసులు నన్ను పట్టుకుంటారు, మిమ్మల్ని కాదు," అన్నాడు డ్రైవరు. పెద్ద బండ్లని ఒక్కోసారి ఆ దారిన రానివ్వరట, ముందురోజు కనుక్కుని బయల్దేరండి. మేం తొమ్మిదిన్నరకే చేరిపోయి, పదయ్యేదాకా గట్టు మీద నిలబడ్డాం. బంగళా వెనక గుమ్మానికీ కాలువకీ మధ్య పట్టుమని ముప్పై అడుగులు లేవు. గోడ ఉంది గానీ గేటు తీసే ఉంది. నూకరాజు గారిని అడిగితే "ఆయ్, తాళం వేయించేస్తానండి," అన్నారు. వేయించలేదు. నేనూ రెండోసారి అడగలేదు.

నూకరాజు గారు సన్నగా, పొడుగ్గా, చేతిలో తాళాల గుత్తితో ఉన్న మనిషి. ఏ వస్తువు గురించి చెప్పినా ముందు "ముట్టుకోకండి" అని మొదలుపెడతారు. బ్యాగులన్నీ బయట అరుగు మీద వరుసగా పెట్టించారు. లోపల ఇల్లు మాత్రం చెప్పుకోదగ్గది. ముందు హాల్లో ధాన్యం బస్తాలు తూచిన కాటా, గోడ మీద కాలువల పటం, పడవలు ఏ లాకు గేటు దగ్గర ఎన్ని గంటలు ఆగాలో చేత్తో రాసిన పట్టిక. పడవలు నడిపే సరంగులు వచ్చి కూర్చునే బల్ల మీద చుట్ట కాల్చిన మచ్చలు కూడా అలాగే ఉన్నాయి. మా పిల్లలు ఆ పటంలో నిడదవోలు వెతుక్కుని, వాళ్ళ వాళ్ళ ఊళ్ళ కాలువలు వెతుక్కుని "ఇది మా చేను పక్కదే!" అని ఒకటే సంబరం. ఏడాదంతా చెప్పినా ఎక్కని పాఠం పావుగంటలో ఎక్కింది. నా పొగరు చూడాలి అప్పుడు.

చివరిది వంటిల్లు. పొయ్యి గట్టు మీద రాతి చిప్పలు, రాగి కాగు, ఇత్తడి గిన్నెలు, చివర్న ఒక చెంబు. అద్దాల బీరువా ఏమీ లేదు, ముందు ఒక తాడు కట్టారంతే. చెంబు నల్లగా, పచ్చగా మచ్చలు పట్టి ఉంది. మా కెజియా దాని ముందు నిలబడిపోయింది. కెజియా అంటే పదిహేడో నెంబరు. చెప్పింది వినే, చెప్పనిది అడగని పిల్ల. వాళ్ళమ్మ కూలి పనులకి వెళ్తుంది, నాన్న ట్రాక్టరు డ్రైవరు. "టీచర్ గారూ, దీన్ని ఎవరూ తోమరా అండీ?" అని అడిగింది. "ముట్టుకోకూడదమ్మా, పద," అన్నాను. అడిగినదానికి జవాబు అది కాదు. నడుస్తూ వెనక్కి తిరిగి మళ్ళీ చూసింది. నేను గమనించాను. గమనించడమే తర్వాత నా కొంప ముంచింది.

భోజనాలు పన్నెండున్నరకి. పెరట్లో వరుసగా కూర్చోబెట్టి సత్యవతి గారు వడ్డిస్తుంటే పిల్లలు రెండోసారి, మూడోసారి పెట్టించుకున్నారు. "ఇంకాస్త వేసుకోండమ్మా, మళ్ళీ ఎప్పుడొస్తారో," అంటూ ఆవిడ ఒకటే హడావిడి. అయ్యాక, బ్యాగుల్లోంచి డ్రాయింగు పుస్తకాలు తెచ్చుకుని నచ్చిన వస్తువు బొమ్మ గీయమని అరగంట టైమిచ్చాను. ఇల్లంతా ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చున్నారు. నేను అరుగు మీద కాళ్ళు చాపుకున్నాను. మాస్టారు ఒక కునుకు తీశారు. ఒకటిన్నర కావస్తుండగా లోపల్నుంచి నూకరాజు గారి కేక వినబడింది.

"చెంబు ఏదండీ? చెంబు లేదండీ ఇక్కడ!"

వెళ్ళి చూస్తే పొయ్యి గట్టు మీద చెంబు ఉన్నచోట గుండ్రటి మచ్చ ఉంది, చెంబు లేదు. నూకరాజు గారు తాళాల గుత్తి గట్టు మీద పడేసి గిన్నెల వెనక వెతుకుతున్నారు. "సోమవారం ఈ మ్యూజియం నడిపే ట్రస్టు వాళ్ళు లెక్క చూసుకుంటారండి. ఒక్క వస్తువు తక్కువైనా నా ఉద్యోగం ఉండదు. ఇన్ని స్కూళ్ళ వాళ్ళు వచ్చారు, ఇలా ఎప్పుడూ జరగలేదు," అన్నారు. ఆ చివరి మాట సూటిగా నాకే తగిలింది. మాస్టారు లేచి ఈల వేశారు. పిల్లలు పరుగున అరుగు ముందుకి వచ్చి వరుస కట్టారు. ఒకటి, రెండు, మూడు. నెంబర్లు నడుస్తున్నాయి. పదమూడు. పద్నాలుగు. పదిహేను. పదహారు.

తర్వాత ఎవరూ పలకలేదు.

"పదిహేడు!" అని మాస్టారు తనే అరిచారు. జవాబు లేదు. మిగతా వాళ్ళు పలికారు. ముప్పై ఒకటి దగ్గర మళ్ళీ ఆగింది. ఇద్దరు లేరు. పదిహేడు కెజియా. ముప్పై ఒకటి హర్ష, రైసుమిల్లు వాళ్ళ అబ్బాయి. వెనక గేటు తెరిచే ఉంది. కాలువ నిండుగా పారుతోంది. మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా "నేను కాలువ వైపు చూసొస్తా, మీరు లోపల చూడండి," అని పరిగెత్తారు. లోపల చూడాల్సినదాన్ని, నేను కదల్లేదు. నూకరాజు గారు నా ఎదురుగా నిలబడి "బ్యాగులు చూడాలండి. అన్నీ చూడాలి," అంటున్నారు.

అన్నీ అన్నారాయన. అది ఆయన తప్పు కాదు. అన్నీ తెరిస్తే ముప్పై తొమ్మిది మందినీ దొంగల్ని చేసినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక్కళ్ళని చేస్తే ఫరవాలేదా అన్నది మాత్రం నా బుర్రకి తట్టలేదు. వరుసలో లేని ఇద్దరి బ్యాగులూ అరుగు మీద పక్కపక్కనే ఉన్నాయి. హర్షది కొత్తది, నీలం రంగుది. మా స్టాఫ్ రూములో తిరిగే ఫ్యాన్లు వాళ్ళ నాన్నగారు పెట్టించినవి. ఆ జిప్పు మీదకి నా చెయ్యి పోలేదు. నిజం చెబుతున్నాను, అటువైపు ఆలోచన కూడా పోలేదు. కెజియా బ్యాగు తీసుకున్నాను, జిప్పు లాగాను, అందరి ముందూ అరుగు మీద బోర్లించాను.

నీళ్ళ సీసా. దువ్వెన. చున్నీ. డ్రాయింగు పుస్తకం తెరుచుకుని పడింది. అందులో చెంబు బొమ్మ. నల్లటి చెంబుకి ఈ పిల్ల పసుపు రంగు వేసి, చుట్టూ మెరుపు గీతలు పెట్టింది. "చూశారా? కన్నేసి పెట్టుకుంది!" అన్నారు నూకరాజు గారు. నాకూ అలాగే అనిపించింది. దొరికిందిలే అని ఒక పాడు ధైర్యం కూడా వచ్చింది. ఆ పైన న్యూస్‌పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన చిన్న పొట్లం దొర్లి వచ్చింది. "అదేంటో విప్పండి," అన్నారాయన. చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసిపోయింది. ఆడదాన్ని, ఇద్దరాడపిల్లల తల్లిని, ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్నదాన్ని, తెలియదా? ఇల్లు దాటి రోజంతా బయట ఉండాల్సిన పదమూడేళ్ళ పిల్ల, అవసరపడితే అని జాగ్రత్తగా చుట్టి తెచ్చుకున్న పొట్లం అది. విప్పలేదు. కానీ ఆలస్యమైపోయింది. ముందు వరుసలో మగపిల్లలు చూశారు, ఒకడు పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. ఆడపిల్లలు తలలు దించుకున్నారు. ఈలోగా హర్ష బాత్రూము వైపు నుంచి చొక్కా దోపుకుంటూ వచ్చి, "ఏంటి టీచర్ గారూ, ఏమైంది?" అని వరుసలో నిలబడ్డాడు. వాడి బ్యాగు వాడికోసం అలాగే, మూసినది మూసినట్టే ఉంది.

మాస్టారు రొప్పుతూ తిరిగొచ్చారు. "గట్టు మీద లేదండి. లాకు దాకా వెళ్ళాను, ఎవరూ చూడలేదన్నారు," అని నా చేతిలో పొట్లం, కింద పడి ఉన్న పుస్తకాలు చూసి ఆగిపోయారు. "మీరు లోపల చూశారా?" అని అడిగారు. కాలువ పక్కన పిల్ల కనబడకపోతే, ఆ అయిదు నిమిషాలూ నేను పిల్లని కాదు, చెంబుని వెతికాను.

అప్పుడు పెరటి వైపు నుంచి వచ్చింది కెజియా. మోచేతుల దాకా తడి, డ్రెస్సు ముందంతా తడి, రెండు చేతులతో చెంబు ఎత్తి పట్టుకుని. ఎండ పడి చెంబు కళ్ళు చెదిరేటట్టు మెరిసిపోతోంది. "టీచర్ గారూ! చూడండి ఎంత బాగా వచ్చిందో! అడుగున మాత్రం కొంచెం ఉండిపోయిందండి," అంటూ నవ్వుకుంటూ వచ్చి, వరుసలో నిలబడ్డ పిల్లల ముఖాలు చూసింది. తర్వాత అరుగు వైపు చూసింది. దాని నవ్వు ఆగడం నేను దగ్గరుండి చూశాను. చెంబు నెమ్మదిగా నేల మీద పెట్టి, అరుగు దగ్గరికి వెళ్ళి, నా చేతిలోంచి ముందు ఆ పొట్లం తీసుకుంది. దాన్ని బ్యాగు అడుగున పెట్టి, ఆ పైన చున్నీ, ఆ పైన పుస్తకం సర్దుకుంది. ఎవరి వైపూ చూడలేదు.

"ఎందుకు తీశావమ్మా?" అన్నాను.

"ఇల్లు అనుకోమన్నారు కదండీ. ఊరికే తిని రాకూడదన్నారు. ఇంట్లో తోమేవాళ్ళు ఎవరూ లేరేమో అనుకున్నానండి," అంది. "ఈ రోజు శనివారం కదండీ. శనివారం అమ్మా నేనూ చర్చిలో ఇత్తడి సామానంతా తోముతాం. రేపటి ఆరాధనకి."

సత్యవతి గారు పమిటతో చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చారు. "కొంచెం చింతపండు ఇస్తారా అండీ అని అడిగితే నేనే ఇచ్చాను. పంపు దగ్గర కూర్చుని తోముకుంటోంది, మీరే పని చెప్పారేమో అనుకున్నా. అంట్ల చప్పుడులో ఈల వినబళ్ళేదు. ఏంటిది, బ్యాగు ఎందుకిలా పారబోశారు?" అని భర్తని అడిగారు. నూకరాజు గారు చెంబు తిరగేసి చూసి తల పట్టుకున్నారు. అడుగున తెల్ల రంగుతో రాసిన మ్యూజియం నెంబరు చింతపండుకి కొట్టుకుపోయింది. "ఆ నలుపు తియ్యకూడదమ్మా. పాతదని తెలిసేది ఆ నలుపు వల్లే. ఇప్పుడు ఇది బజార్లో నిన్న కొన్నదానిలా ఉంది. నేను వాళ్ళకి ఏం చెప్పుకోవాలి?" అన్నారు. కోపం పోయి బెంగ వచ్చింది ఆయన మాటలో. "ఊరుకోండి. ఈ ఇంటి ఆడవాళ్ళు బతికున్నప్పుడు రోజూ తోమే ఉంటారు. నల్లగా ఉంచింది మీ మ్యూజియం వాళ్ళే," అన్నారు సత్యవతి గారు. ఇంకో రోజైతే ఆ మాటకి నేను పడీపడీ నవ్వేదాన్ని.

తప్పు నాది, పిల్లల్ని కనిపెట్టుకోవలసింది నేనే అని తెల్ల కాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్కూలు ఫోన్ నెంబరు వేసి ఇచ్చాను. హెచ్చెమ్ గారన్నట్టే నా సంతకమే ఉంది. నూకరాజు గారు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. అరుగు దగ్గరికి వచ్చి, "సారీ అమ్మా," అన్నాను కెజియాతో. నలుగురి ముందు బ్యాగు బోర్లించినదాన్ని, సారీ మాత్రం దానికొక్కదానికే వినబడేలా చెప్పాను. "ఫరవాలేదండి," అంది. మా వైపు పిల్లలు ఆ మాట ఎంత మర్యాదగా అంటారంటే, అందులో ఏముందో కనిపెట్టడం పెద్దవాళ్ళకి చేతకాదు.

మూడింటికి బస్సెక్కాం. మాస్టారు ఈల వేస్తే ముప్పై తొమ్మిదీ పలికాయి. పదిహేడు కూడా పలికింది, ఎప్పటి గొంతుతోనే. బ్యారేజీ మీద వెళ్తుంటే నాకు ఒకటే ఆలోచన. పిల్లలు ఇలాగే ఇళ్ళకి వెళ్తే సోమవారానికి "కెజియా బ్యాగు చూశారట" అన్న ముక్కే మిగులుతుంది, చెంబు తోమిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏదో చెయ్యాలి. విజ్జేశ్వరంలో టీకి ఆపించి, పిల్లల్ని ఎవరి సీట్లలో వాళ్ళని కూర్చోమని, ముందు నిలబడ్డాను.

"ఈ రోజు నేను తప్పు చేశాను," అన్నాను. "చెంబు కనబడకపోతే కెజియా తీసిందనుకున్నాను. మీలో ఎవర్నీ అనుకోలేదు, దాన్నే అనుకున్నాను. హర్ష బ్యాగు పక్కనే ఉంటే దాన్ని ముట్టుకోలేదు. అది ఇంకా పెద్ద తప్పు. అడక్కుండా బ్యాగు తెరవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కెజియా, అందరి ముందూ చెబుతున్నాను, నన్ను క్షమించు తల్లీ." హర్ష కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకు ఇంకా చాలదనిపించింది. నా హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, ఇంజను బాక్సు మీద బోర్లించాను. బీపీ మాత్రలు, పిన్నీసులు, పళ్ళు విరిగిన దువ్వెన, కరెంటు బిల్లు, సగం తిని మడిచిన జీడిపప్పు పొట్లం, జుట్టుకేసుకునే రంగు ప్యాకెట్టు. రంగు ప్యాకెట్టు చూసి వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో బస్సంతా నవ్వు. డ్రైవరు కూడా నవ్వాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. చెల్లుకి చెల్లు అయిందనుకున్నాను.

కెజియా నవ్వలేదు. లేచి వచ్చి, కింద పడ్డ పిన్నీసులు ఒక్కొక్కటీ ఏరి నా చేతిలో పెట్టింది. పెడుతూ నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేలా అంది:

"మీది మీరే తెరుచుకున్నారు కదండీ."

కోపంగా అనలేదు. నేను నోట్సులో తప్పు రాస్తే "ఇక్కడ ఇలా ఉండాలేమోనండి" అని చూపించేటప్పుడు ఎలా అంటుందో అలాగే అంది. వెళ్ళి తన సీట్లో కూర్చుంది. నిడదవోలు చేరేదాకా ఆ నలభై నిమిషాలూ నేను డ్రైవరు పక్కన ముందుకి తిరిగే కూర్చున్నాను, వెనక్కి చూసే మొహం లేక.

ట్రిప్పు ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు. కాలువల పాఠం పరీక్షలో అందరూ బాగా రాశారు, పటం కూడా గీశారు. నూకరాజు గారు ఫోన్ చేసి, ట్రస్టు వాళ్ళు తిట్టారు గానీ ఉద్యోగం తియ్యలేదనీ, చెంబుకి కొత్త నెంబరు వేశారనీ చెప్పారు. వెళ్ళదగ్గ ఇల్లు అది, వెళ్ళండి. పిల్లలకి వెయ్యి పాఠాలు చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది. నాకూ ఒకటి ఎక్కింది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలందర్నీ ఒకేలా చూస్తానని నలుగురిలో చెప్పుకుంటూ తిరిగాను; నా చెయ్యి ఏ జిప్పు మీదకి వెళ్ళిందో చూశాక ఆ మాట మళ్ళీ అనలేదు. కెజియా రోజూ స్కూలుకి వస్తోంది, హాజరు పలుకుతోంది, అడిగితే జవాబు చెబుతోంది. ఒకటే తేడా. బోర్డు దగ్గరికి పిలిస్తే ఇదివరకు సుద్దముక్క కోసం చెయ్యి చాపుకుంటూ వచ్చేది. ఇప్పుడు బ్యాగు భుజానికి తగిలించుకుని వస్తోంది.

పిల్లల్ని తీసుకెళ్ళే టీచర్లకి నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే. బ్యాగులన్నీ బస్సులోనే ఉంచి తాళం వేయించండి, చేతికి పుస్తకం, పెన్సిలు మాత్రం ఇవ్వండి. అయినా ఏదైనా పోయిందని కేక వినబడితే, ముందు పిల్లలందరూ ఉన్నారో లేదో చూడండి. లేని పిల్లని వెతకండి, వచ్చేదాకా బ్యాగుల జోలికి వెళ్ళకుండా ఆగండి. అయిదు నిమిషాలు పడుతుందేమో, అంతకంటే పట్టదు. నేను ఆగలేకపోయింది ఆ అయిదు నిమిషాలే.